ఎదురుగా ఎవరూ లేనప్పుడు వచ్చే ఏడుపు

తిరుమలలో మామూలు క్యూలో వెళ్లిన భక్తుడికి స్వామి కనిపించేది కొన్ని సెకన్లే. కాంప్లెక్సు గదుల్లో గంటల తరబడి కూర్చుని, పిల్లవాణ్ని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ, ముందువాళ్ల తలల సందుల్లోంచి మెడ సాచి చూస్తుండగానే "జరగండి, జరగండి" అంటూ పక్కకు పంపేస్తారు. ఆ కాస్తలోనే ఎంతోమందికి కళ్లు నిండిపోతాయి. ఏం మొక్కుకోవాలనుకున్నారో అదే మరిచిపోతారు. బయటికొచ్చి పైట చెంగుతో మొహం తుడుచుకుంటుంటే ఎందుకేడుస్తున్నావని పక్కవాళ్లు అడగరు. తిరుపతిలో అదొక ప్రశ్నే కాదు.

అదే మనిషి కొన్నాళ్లకు ఇంట్లో తెల్లవారుజామున చాప పరుచుకుని, శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుంటారు. పదో నిమిషంలో ఏ కారణమూ లేకుండా గొంతు పూడుకుపోతుంది, చెంపల మీద కన్నీళ్లు కారుతాయి. ఇక్కడ మాత్రం కంగారు. నాకేమైనా అవుతోందా, తప్పుగా చేస్తున్నానా, లేక ఇదేదో పెద్ద స్థితా? ఇంకో రోజు ఏడుపు బదులు కోపం వస్తుంది. పదేళ్ల కిందట ఆస్తి పంపకాల్లో అన్నయ్య అన్న మాట గుర్తొచ్చి ఒళ్లు మండిపోతుంది. ఏడుపు సంగతి ఎవరో ఒకరికి చెబుతారేమో గానీ కోపం సంగతి ఎవరికీ చెప్పరు. ధ్యానంలో కోపమేమిటి, నవ్వుతారని.

రెండు చోట్లా వచ్చింది కన్నీరే. ఒకచోట ధన్యత అనిపించుకుంది, ఇంకోచోట అనుమానం తెచ్చిపెట్టింది. భక్తిలో ప్రతి భావానికీ ఒక చిరునామా ఉంటుంది. శ్వాసను గమనించే ధ్యానంలో అవతలివైపు ఎవరూ ఉండరు. ఊహించని భావాలు ధ్యానం చేసేవాళ్లను ఇంతగా తికమక పెట్టడానికి సగం కారణం ఇదే.

తెలుగు భక్తి ఏ భావాన్నీ గుమ్మం బయట నిలబెట్టలేదు. భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరలో పడిన రామదాసు, ఏ నగకు ఎంత ఖర్చయిందో ఒక్కొక్కటే చెప్పి రాముణ్ని దెప్పిపొడిచాడు. అన్నమయ్య పదాల్లో అలక ఉంది, ఈర్ష్య ఉంది, విరహం ఉంది. దేవుణ్ని తిట్టినా దానికి నిందాస్తుతి అని గౌరవమైన పేరే ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లలో మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ పెట్టేవాళ్లు కనిపిస్తారు. పైన మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కేవాళ్లూ ఉంటారు. అక్కడ ఒకామె ఏడుస్తుంటే అది కాళ్ల నొప్పికి వచ్చిన ఏడుపో, భర్త ఆపరేషన్ గట్టెక్కిందన్న ఏడుపో, బతుకంతా కలిసి ఒక్కసారిగా వచ్చిన ఏడుపో ఎవరూ విడదీసి చూడరు. "గోవిందా" అన్న కేకలో అన్నీ కలిసిపోతాయి.

చాప మీద ఆ కేకకు చోటు లేదు. కదలొద్దన్నారు, మాట్లాడొద్దన్నారు, వచ్చిన ఆలోచన వెంట పోవద్దన్నారు. వచ్చిన భావానికి పోయే దారి కనపడక అది తిరిగి మనిషి మీదికే వస్తుంది.

శాస్త్రాల్లో చూస్తే తికమక ఇంకాస్త పెరుగుతుంది. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలను తర్వాతి భక్తి ఆచార్యులు భక్తుడి లక్షణాలుగా తీసుకున్నారు. మాన్పడిపోవడం, చెమట, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, రంగు పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఇవన్నీ ఆ దారిలో అలంకారాలు. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో 31వ సూత్రం తెరిస్తే మనసు చెదిరినప్పుడు వెంట వచ్చేవి నాలుగని ఉంటుంది: దుఃఖం, దౌర్మనస్యం, అంగమేజయత్వం, అదుపు తప్పిన ఉచ్ఛ్వాస నిశ్వాసాలు. దౌర్మనస్యం అంటే మనసు కుంగడం, అంగమేజయత్వం అంటే ఒంటి వణుకు. భక్తుడికి ఆభరణమైన వణుకే యోగికి విఘ్నం వెంట వచ్చే చుట్టమైంది.

ఇందులో ఎవరు తప్పు అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఒకరు ప్రేమలో మునగమన్నారు, ఇంకొకరు చిత్తం నిలవాలన్నారు, ఎవరి కొలత వాళ్లది. చిక్కంతా ఒక దారిలో నడుస్తూ ఇంకో దారి కొలబద్దతో కొలుచుకోవడం దగ్గర వస్తుంది. శ్వాస ధ్యానంలో వణుకు వచ్చినవాడు దాన్ని భక్తి పారవశ్యం లెక్కలో వేసుకుంటే గర్వం మిగులుతుంది. భజనలో కన్నీళ్లు వచ్చినవాడు పతంజలిని చదివి తన మనసు చెదిరిందని దిగులు పడితే ఉన్న తృప్తి కూడా పోతుంది. (ఈ రెండో రకం వాళ్లు తక్కువే. మొదటి రకానికి లోటు లేదు.)

రెండు దారులూ ఒకే మనిషిలో కలవకూడదని కాదు. తరిగొండ వెంగమాంబ ఇక్కడి మనిషే. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, ఊళ్లో మాటలు పడి, తిరుమల చేరిన కవయిత్రి. కొండ మీద గొడవలకు దూరంగా అడవిలోని తుంబురు కోనకు వెళ్లి యోగసాధన చేసిందని సంప్రదాయం చెబుతుంది. నేటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఆమె పేరున ముత్యాల హారతి ఇస్తారు. కోనలో ఎదురుగా ఎవరూ లేని మౌనం, గుళ్లో ఎదురుగా నిలిచిన స్వామికి హారతి. ఆ కాలంలో ఒక ఆడమనిషికి ఈ రెండూ ఎందుకు అవసరమయ్యాయో ఆలోచిస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

ఇంతకీ ఈ భావాలు ఎక్కడి నుంచి వస్తాయి? ధ్యానం వాటిని పుట్టిస్తుందనుకుంటారు. చాలావరకు అవి అప్పటికే ఉన్నవే. పగలంతా పనులూ ఫోనూ టీవీ వాటిని కప్పి ఉంచుతాయి. ఆ దుప్పటి తీసినప్పుడు మనిషికి ఎంత ఇబ్బందిగా ఉంటుందో 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అమెరికా పరిశోధన చూపించింది. మనుషుల్ని ఒంటరిగా 15 నిమిషాలు గదిలో కూర్చోబెట్టి, ఆలోచించుకోవడం తప్ప ఇంకే పనీ లేకుండా చేశారు. కావాలంటే ఒక మీట నొక్కి తమకు తామే చిన్న కరెంటు షాక్ ఇచ్చుకోవచ్చు. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని ముందు చెప్పినవాళ్లలోనే, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు మీట నొక్కారు. ఊరికే కూర్చోవడం కంటే షాకే నయమనిపించిందన్నమాట. ధ్యానానికి కూర్చున్నవాడు ఆ మీట లేని గదిలో కూర్చున్నట్టే.

కప్పి ఉంచిన వాటిలో పెద్దది దుఃఖం. మన ఇళ్లలో చావు జరిగితే పెద్దకొడుకు పరిస్థితి ఎలా ఉంటుందో తెలిసిందే. అంబులెన్సు మాట్లాడాలి, దూరపు చుట్టాలకు ఫోన్లు చేయాలి, పురోహితుడు చెప్పిన సామాను తేవాలి, పదకొండో రోజు ఎంతమందికి భోజనాలో లెక్క కట్టాలి, షామియానావాడితో బేరం ఆడాలి. తమ్ముడూ చెల్లెలూ ఏడుస్తుంటే తను ఏడవడానికి వీలుండదు. "నువ్వే ఇట్లయిపోతే ఎట్లప్పా" అంటారు. ఆరు నెలలు గడిచాక ఎవరో చెబితే ధ్యానం మొదలుపెడతాడు. నాలుగో రోజు పొద్దున, శ్వాస కాస్త కుదురుకోగానే, ఆస్పత్రి మంచం మీద అమ్మ చేతికి అంటించిన ప్లాస్టర్ గుర్తొస్తుంది. ఇంకేమీ లేదు, ఆ ప్లాస్టర్ ఒక్కటే. వెక్కివెక్కి ఏడుస్తాడు. క్లాసులో ఎవరో దీన్ని చక్రం తెరుచుకోవడం అంటారు. అది వాళ్లమ్మ కోసం అప్పుడు ఏడవకుండా దాచుకున్న ఏడుపు. దానికి వేరే పేరు అక్కర్లేదు.

కోపం సంగతి కొంచెం వేరు. అందులో రెండు రకాలను కలిపేసి చూస్తుంటారు. ఒకటి పాత పగ, పైన చెప్పిన అన్నయ్య మాటలాంటిది. రెండోది అప్పటికప్పుడు పుట్టే చిరాకు. ఇంటాయన ముందు గదిలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. వంటింట్లో చట్నీకి మిక్సీ తిరుగుతోంది. కుక్కర్ మూడో విజిల్ వేసింది. పిల్లవాడు సాక్సు దొరకలేదని అరుస్తున్నాడు. ఏడో నిమిషంలో ఆయన లేచి "ధ్యానంలో ఉన్నానని తెలీదా మీకు?" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. "ఈయప్ప ధ్యానం మొదలుపెట్టినప్పట్నించి కోపం జాస్తి అయింది" అని ఇల్లాలు అమ్మగారింటికి ఫోన్ చేసి చెబుతుంది. ఆమె మాట అబద్ధం కాదు. దృష్టి పదునెక్కే కొద్దీ శబ్దం ఇంకా గట్టిగా వినిపిస్తుంది. దానికి తోడు, నేను గొప్ప పనిలో ఉన్నాను, వీళ్లు చట్నీ దగ్గరే ఉన్నారు అన్న అహం ఒకటి చేరుతుంది. పురాణాలకు ఈ సంగతి బాగా తెలుసు. తపస్సు చెడగొట్టడానికి వచ్చిన రంభను రాయివై పొమ్మని శపించి, విశ్వామిత్రుడు ఆ కోపంతోనే కూడబెట్టుకున్న తపస్సు పోగొట్టుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి కూర్చోవలసి వచ్చింది.

కోపం రాకూడదని పట్టుబడితే అది ఇంకా ముదురుతుంది. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి అని చెప్పి అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. వద్దన్నకొద్దీ ఎలుగుబంటే వచ్చింది, తర్వాత ఆలోచించవచ్చు అనగానే మామూలు కంటే ఎక్కువగా వచ్చింది. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న మన సామెత ఇదే చెబుతుంది, ప్రయోగశాల లేకుండా.

కామం, నవ్వు, విసుగు కూడా వస్తాయి. మేనక కథ ఉన్న దేశంలో మొదటిదాని గురించి ఆశ్చర్యపోనక్కర్లేదు. విసుగు మాత్రం చాలామందిని సాధన మానిపించేస్తుంది. ఏడుపంత గొప్పగా చెప్పుకోవడానికి వీల్లేదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కొన్నిసార్లు కారణం మనసులో కంటే ఊపిరిలో ఉంటుంది. భస్త్రిక, కపాలభాతి లాంటి ప్రాణాయామాలు అలవాటు లేనివాళ్లు అతి వేగంగా, ఎక్కువసేపు చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుంటాయి. తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెదాల చుట్టూ జివ్వుమంటుంది, గుండె దడదడలాడుతుంది, ఏడుపో భయమో ముంచుకొస్తుంది. హాల్లో వందమంది కలిసి చేస్తున్నప్పుడు ఒకరు ఏడవగానే పక్కవాళ్లకూ అంటుకుంటుంది. దీన్ని శక్తి ప్రవాహం అనుకునేవాళ్లు అనుకుంటారు. వేగం తగ్గించి మామూలుగా ఊపిరి తీసుకుంటే కొన్ని నిమిషాల్లో తగ్గిపోయేది మాత్రం ఊపిరి వల్ల వచ్చిందేనని తేలిగ్గానే చెప్పవచ్చు.

ఇంకో విచిత్రం, ప్రశాంతతే భయం పుట్టించడం. ఎప్పుడూ టెన్షన్‌లో బతికేవాళ్లకు ఒళ్లు వదులవడమే ప్రమాదంలా అనిపించవచ్చు. కాపలా మానేసినట్టు. ఈ సంగతిని 1983లోనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు పరీక్షించి, విశ్రాంతి వల్ల వచ్చే ఆందోళన అని పేరు పెట్టారు. కండరాలను వదులు చేసే పద్ధతి కంటే ఒకే పదం మీద మనసు నిలిపే పద్ధతిలోనే ఇలా ఎక్కువమందికి జరిగింది. జపానికి కూర్చోగానే గుండె దడ వచ్చేవాళ్లు తమకు దైవానుగ్రహం లేదని కుమిలిపోవలసిన పని లేదు.

వచ్చిన భావాన్ని ఏం చేయాలన్న దగ్గర ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషే ఒకాయన అడ్డు తగులుతారు. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, భావానికి పేరు పెట్టడమే చిక్కు అన్నారు. కోపం అన్న మాట అనగానే పాత కోపాల జ్ఞాపకమంతా దానికి తగులుకుని అది బలపడుతుందని ఆయన వాదన. దానికి ఎదురుగా 2007లో కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్మన్ బృందం చేసిన ప్రయోగం ఉంది. కోపంతో, భయంతో ఉన్న ముఖాలను చూపించి ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు, మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం చురుకు తగ్గింది. ఒకరు పేరు వద్దంటే ఒకరు పేరే మందు అంటున్నారు. జాగ్రత్తగా చూస్తే ఇద్దరూ ఒకే పేరు గురించి మాట్లాడటం లేదు. "ఇప్పుడు కోపం వస్తోంది" అనడం ఒకటి, "నేను ఎప్పుడూ ఇంతే, మా నాన్నలాగే కోపిష్టిని" అనడం ఇంకొకటి. రెండోది పేరు కాదు, కేసు ఫైలు. కృష్ణమూర్తి వద్దన్నది ఆ ఫైలునే అనుకుంటే గొడవ సగం తీరుతుంది.

కపిలతీర్థం జలపాతం కింద తడిసినవాళ్లకు ఆ నీటి పేరులోని కపిల ముని సాంఖ్య దర్శనానికి మూలపురుషుడని గుర్తుండకపోవచ్చు. చూసేవాడు వేరు, కదిలేది వేరు అన్నది సాంఖ్యం. సాక్షిగా చూడు అని ధ్యాన గురువులు రోజూ చెప్పే మాటకు వేరు అక్కడే ఉంది. చెప్పడం తేలికే. ఏడుస్తూ సాక్షిగా ఉండటం అంటే ఏడుపు ఆపడం కాదని విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఆ మాట చెప్పకపోతే సాక్షి పేరుతో మనిషి తన దుఃఖాన్ని మళ్లీ ఇంకో దుప్పటి కింద తోసేస్తాడు.

ఎంత భావం వచ్చింది అన్నది సాధనకు కొలత కాదు. ఒక క్లాసులో పక్కామె రోజూ కన్నీరు కారుస్తుంటే తనకు రావడం లేదని బాధపడి, కళ్లు బిగించి మరీ తెప్పించుకునేవాళ్లు ఉంటారు. తెచ్చుకున్న ఏడుపుతో ఒరిగేదేమీ ఉండదు. చూడవలసింది చాప మడిచాక ఏం జరుగుతోందన్నది. రాత్రి నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, అన్న ఎదురైతే పలకరించగలుగుతున్నాడా, ఇంట్లోవాళ్లు తేలికపడ్డారా బిగుసుకున్నారా. ఈ విషయంలో సాధకుడి డైరీ కంటే ఇల్లాలి మాట నమ్మకమైన సాక్ష్యం.

అందరికీ ఇది తేలిగ్గా తీరిపోదు. పాశ్చాత్య దేశాల్లో బౌద్ధ ధ్యానం చేసేవాళ్లను సుమారు 60 మందిని ఇంటర్వ్యూ చేసి 2017లో వెలువరించిన అధ్యయనం 59 రకాల అనుభవాలను నమోదు చేసింది. భయం, నిద్ర పట్టకపోవడం, తనెవరో తనకే తెలియనట్టు అనిపించడం వాటిలో ఉన్నాయి. 83 అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్షలో ధ్యానం చేసినవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కనిపించింది. ఎక్కువగా చెప్పినవి ఆందోళన, దిగులు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1994 నాటి తన మానసిక రుగ్మతల వర్గీకరణలో మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య అన్న విభాగాన్ని, జబ్బుగా కాకుండా, డాక్టరు పట్టించుకోవలసిన విషయంగా చేర్చింది.

పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం లాంటి చోట్ల తెల్లవారి నాలుగుకు లేచి రోజుకు పది గంటల దాకా కూర్చుంటారు, మాటలుండవు, ఫోనుండదు. దరఖాస్తులోనే మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు. సీటు రాదేమోనని దాచిపెట్టి వెళ్లడం, వెళ్లేముందు మాత్రలు మానేయడం చాలా ప్రమాదం. నాలుగైదు రాత్రులు వరసగా నిద్ర లేకపోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, తనే అవతారమని నమ్మకం కుదరడం, బతకాలని లేకపోవడం, ఇలాంటివి వస్తే సాధన ఆపి డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. "కుండలిని లేచింది, పై కోర్సు చేస్తే సర్దుకుంటుంది" అని చెప్పేవాళ్లకు డబ్బు కట్టడం ఆ తర్వాత చూసుకోవచ్చు. అసలు చూసుకోకపోయినా నష్టం లేదు.

అంత దూరం పోని మామూలు ఇబ్బందులకు మందులు చిన్నవే. గంట కూర్చునేవాళ్లు పది నిమిషాలకు తగ్గించుకోవచ్చు. కళ్లు తెరిచి, అరికాళ్లు నేలకు ఆనించి కుర్చీలో కూర్చోవచ్చు. కూర్చోవడం కష్టమైతే నడవచ్చు, శ్రీవారి మెట్టు దారి అందుకే ఉందన్నట్టు పొద్దున్నే ఎక్కివచ్చేవాళ్లు తిరుపతిలో బోలెడుమంది. భజన కలిసొచ్చేవాళ్లు భజనకు వెళ్లవచ్చు. చిరునామా లేక తిరిగొచ్చిన భావానికి అక్కడ చిరునామా దొరుకుతుంది.

గుళ్లో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. దర్శనం అయిన వెంటనే మనిషిని రోడ్డు మీదికి వదిలేయరు. తీర్థం, శఠారి, విమాన దర్శనం, హుండీ, ప్రసాదం, ఆ తర్వాత కాసేపు కూర్చుని లేవాలన్న ఆచారం. కళ్లు తుడుచుకున్న పావుగంటకు లడ్డూ కౌంటరు ఎక్కడని అడిగే స్థితికి మనిషి మెల్లగా దిగివస్తాడు. ధ్యానంలో గంట మోగగానే చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఇప్పుడే తల్లిని తలుచుకుని ఏడ్చిన మనిషి మరుక్షణం ఆఫీసు గ్రూపులో మెసేజీలు చూస్తుంటాడు. కాసేపు పడుకోవడం, నీళ్లు తాగడం, పక్కన ఎవరైనా ఉండటం, మాట్లాడకపోయినా సరే, ఈ దిగుడుమెట్లు ఎవరికి వాళ్లు కట్టుకోవాలి.

ధ్యానంలో చేదు ముందు వస్తుందని చెప్పడానికి గురువులు పాలసముద్రం కథ వాడతారు. చిలికితే ముందు హాలాహలం, తర్వాత అమృతం అని. వినడానికి బాగుంటుంది, అమృతం తప్పక వస్తుందన్న హామీ మాత్రం కథలోదే. అక్కడ విషం మింగడానికి శివుడున్నాడు, శిబిరంలో ఎవరి విషం వాళ్లదే. ఆ కథకు మన దగ్గర ఇంకో భాగం కూడా ఉంది. నాగలాపురం దాటి తమిళనాడు సరిహద్దుకు ఆనుకుని ఉన్న సురుటుపల్లిలో, హాలాహలం మింగిన శివుడు పార్వతి ఒడిలో తల పెట్టుకుని వెల్లకిలా పడుకుని ఉంటాడు. చుట్టూ దేవతలూ మునులూ నిలబడి ఉంటారు.